వంతెన మీద పుట్టినవాడు

మార్చి వచ్చినా మంచు కరగలేదు. ఎద్దుబండిలో గడ్డి మీద పడుకున్న కెజయా పళ్ళ బిగువున నొప్పులు ఓర్చుకుంటోంది. ఆమె కోరిక ఒక్కటే: కాస్త నిప్పున్న గదిలో బిడ్డను కనాలి.

బండి తోలుతున్నది హార్ట్‌వెల్ ఊరి కానిస్టేబుల్ ఎలిఫలెట్. పరాయివాళ్ళ బిడ్డ ఊళ్ళో పుడితే తిండీ బట్టా ఊరే చూడాలి. అందుకే నెలలు నిండిన దిక్కులేని ఆడది కనబడితే ఏరు దాటించి రావడం ఆయన కొలువులో భాగం. ఏటికి అవతలిది స్టోన్‌ఫోర్డ్. కెజయా మొగుడు ఏ ఊరికీ చెందని దేశదిమ్మరి. ఇంగ్లీషు రాజు సైన్యం మీద పోరాడి, కొత్త దేశానికి స్వాతంత్ర్యం తెచ్చి, మొన్న ఆకురాలు కాలంలో జ్వరంతో పోయాడు. ఆ దేశంలో అతని పెళ్ళానికి జానెడు చోటు లేదు.

"ఆ కనబడే ఇంట్లో దించయ్యా, నీకు పుణ్యముంటుంది."

"అది మా ఊరిదే తల్లీ. ఇంకో అరమైలు ఓర్చుకో. నా పెళ్ళాం ఎనిమిదిమందిని కంది, ఎప్పుడూ ఇంత తొందరపడలేదు."

వంతెన సగానికి వచ్చేసరికి స్టోన్‌ఫోర్డ్ కానిస్టేబుల్ జోబ్ కర్ర అడ్డం పెట్టాడు.

"పోయినేడూ ఇలాగే ఒకదాన్ని మా నెత్తిన రుద్దావు. బండి వెనక్కి తిప్పు."

"వంతెన మీద ఎలా తిప్పమంటావోయ్? ఎద్దులకు రెక్కలున్నాయా?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వాదన తేలకముందే మగబిడ్డ పుట్టాడు, గట్టిగా ఏడ్చాడు. కెజయా వాణ్ణి తన శాలువాలో చుట్టుకుంది.

"బొడ్డు కోయడానికి కత్తివ్వండి. ఎవరింట్లోకో ఒకరింట్లోకి తీసుకుపోండి."

కత్తి ఎలిఫలెట్ ఇచ్చాడు. ఇల్లు ఎవరూ చూపలేదు.

"ఇదిగో పొలిమేర గీత. ఆమె తల మీ వైపుంది," అన్నాడు ఎలిఫలెట్.

"కాళ్ళు మీ వైపున్నాయి. బిడ్డ తలలోంచి పుట్టాడా ఏం?"

చక్రం నుంచి గీత దాకా అడుగులు కొలిచారు. నమ్మకం లేక మళ్ళీ కొలిచారు. ఏటి గాలి ఎముకలు కొరుకుతోంది. బిడ్డ ఏడుపు సన్నగిల్లింది, ఆగిపోయింది. కెజయా వాడి ఒళ్ళు రుద్దింది, నోట్లోకి ఊపిరి ఊదింది. ఆ సిగ్గుమాలిన మగాళ్ళు అప్పటికీ గీత దగ్గరే ఉన్నారు.

"పోయాడు," అంది చివరికి.

జోబ్ కర్ర తీసేశాడు.

"ఒంటరిదానివైతే రావచ్చమ్మాయ్. మా చర్చి పెద్ద డీకన్ గారింట్లో పనిమనిషి కావాలంటున్నారు."

"వీణ్ణెక్కడ పాతిపెట్టను?"

"అది వాళ్ళే చూసుకుంటారు," అన్నాడు ఎలిఫలెట్, జోబ్‌ను చూపిస్తూ.

"గొయ్యి మేమెందుకు తవ్వాలి?" అంటూ జోబ్ మళ్ళీ గీత దగ్గరికి నడిచాడు.