థర్మస్ గ్లాసు తళతళలాడిన రోజు

మా ఆయన అంకుశానికి మా బిడ్డ రోజా ఒక థర్మస్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. పూర్ణా అనే ఊళ్లో తను పనిచేసే గోదాములో పండక్కి అందరికీ పంచారట. స్టీలుది, మూత తిప్పి బిగించేది. పొద్దున పోసిన చాయ్ మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతుంది. ఈయన దాన్ని చంటిపిల్లలా సంకన పెట్టుకుని మేముండే నార్పోలిలోనే సాంచాల పనికి పోయేవాడు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. గ్లాసు మోయడం ఆయన వంతు, కడగడం నా వంతు.

ఆరు నెలలకు లోపలంతా నల్లగా పట్టింది. మూతి ఇరుకు, నా చెయ్యి దూరదు. వంటసోడా వేసి వేడినీళ్లు పోశాను. నిమ్మచెక్క వేసి ఆడించాను. ఉప్పూ బియ్యమూ పోసి గిలకొట్టాను. మరక మాత్రం అద్దెకు దిగినట్టు అక్కడే కూర్చుంది. పైగా ఈయన సణుగుడు.

"చాయ్ చేదుగుంటున్నదే పోచవ్వా. గ్లాసు మంచిగ కడుగుతలేవు."

నాకు ఒళ్లు మండింది. నేనెవరిననుకున్నాడు? సాంచాల మీది నుంచి దిగిన గుడ్డను మడతపెట్టే ఫోల్డింగు ఖాతా అనే షెడ్డులో ఆరేళ్లుగా మరకలు తీస్తున్నదాన్ని. ఎంత మొండి తుప్పు మరకైనా నా వేలి కింద అర నిమిషం నిలవదు. అలాంటిదాన్ని పట్టుకుని కడగడం రాదంటాడా!

ఆ సాయంత్రం పని నుంచి వస్తూ మరకలకు వాడే తెల్లపొడి గుప్పెడు కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను. మేం దాన్ని దాగు పొడి అంటాం. నీళ్లలో కలిపి, వేలు ముంచి, మరక మీద రుద్దుతాం. అంతే. మర్నాడు లేవగానే గ్లాసులో రెండు చెంచాలు వేసి వేడినీళ్లు పోశాను. అరగంటకు లోపల అద్దంలా మెరిసింది. అప్పటికే నల్లా బందయింది. ఉన్న చెంబెడు నీళ్లతో ఒక్కసారి కడిగి, చాయ్ పోసి మూత బిగించాను.

"గిప్పుడు అను, కడుగుతలేవని," అంటూ చేతికిచ్చాను.

అంత గొప్ప పని చేసి నోరు మూసుకుని ఉంటానా? పనిలోకి పోగానే మా ఫోల్డింగు మాస్టరు కనకయ్యకు చెప్పాను. మా పక్క ఊరివాడే, అన్నా అని పిలుస్తాను. ఆయన చేతిలోని గుడ్డ కిందపడేశాడు.

"తాగే గ్లాసులనా? నీకు దిమాక్ ఉన్నదా పోచవ్వా? అది ఇసం! కడుపులకు పోతే మనిషి దక్కడు!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయనకు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. ఎలా వినిపిస్తుంది? ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారిగా కొడుతుంటే పక్కవాడి కేక పక్కవాడికే వినబడదు. అక్కడ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను. రెండు గల్లీల దూరం. కొరివితో తల గోక్కున్నాను, అదీ నా తల కాదు, మొగుడి తల. పది గంటలకు చాయ్ తాగుతాడు. పది దాటింది.

ఆయన చివరి సాంచా దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు, మూత తీసి ఉంది. అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. రెండు చేతులూ నెత్తి మీదికెత్తి అడ్డంగా ఊపాను. ఆ సైగ చేస్తే ఎవరి చెయ్యో సాంచాలో ఇరుక్కుందని అర్థం. చూసినవాళ్లు చూసినట్టే ఆపేశారు. అన్నీ ఆగేసరికి షెడ్డులో నా గొంతొక్కటే మిగిలింది.

"తాగకూ!"

"తాగలేదే," అన్నాడు అంకుశం, బిత్తరపోయి. "నోట్లె పోసుకుంటే పుల్లగున్నది. ఉమ్మేసిన. పాలు ఇరిగినయ్, సూడు."

గ్లాసు వంచి చూపించాడు. చాయ్ ముక్కలు ముక్కలుగా విరిగిపోయి ఉంది. ఆ పాలు పొద్దున నేను తెచ్చినవే, తాజావి. వాటిని విరిచిందేమిటో నాకు తెలుసు. అక్కడే నేల మీద కూలబడి బోరుమన్నాను. నోరు పదిసార్లు పుక్కిలింపించి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. మింగలేదు కాబట్టి గండం గడిచిందన్నాడు.

మధ్యాహ్నానికి మళ్లీ పనిలో కూర్చున్నాను. ఎదురుగా అదే పొడి, అదే గిన్నె. అలవాటు కొద్దీ వేలు ముంచబోయి ఆగిపోయాను. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి పగిలి ఉన్నాయి. గోళ్లు పచ్చబడ్డాయి. ఇన్నాళ్లూ వయసు మీదపడుతోందనుకున్నాను.

"అన్నా, గది ఇసమని నీకు ఎప్పటిసంది ఎరుక?"

"మొదటి సంది ఎరుకనే. అసలు డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటది."

"మరి ఆరేండ్లల్ల నాకు ఒక్కనాడన్న చెప్పకపోతివి?"

కనకయ్య నన్ను వింతగా చూశాడు. దాచాలని దాచిన ముఖం కాదది.

"నువ్వు తాగవు గద?"

పొద్దున మొగుడి కోసం అంత గొంతు చించుకున్నదాన్ని, నా కోసం ఆ గిన్నెను పక్కకు జరపడమే చేయగలిగాను.

తిండి వేళకు అన్నం డబ్బా తెరిచాను. ఆరేళ్లుగా ఈ వేళ్లతోనే తిన్నాను. ఈ వేళ్లతోనే రోజాకు పచ్చడన్నం కలిపి ముద్దలు పెట్టాను. పక్కన తింటున్న శారమ్మ వైపు తిరిగి, చెంచా ఉందా అని అడిగాను.