వెలిగిన దీపం, తగలని పోటు

నేను ఒక ఎపీని, అంటే ఫెన్సింగ్ ఆటలో వాడే కత్తిని. పేరుకే కత్తిని, నాతో ఉల్లిపాయ కూడా తెగదు. నా మొన ఎదుటివాళ్ల ఒంటికి గట్టిగా తగిలితే పక్కనున్న పెట్టెలో దీపం వెలుగుతుంది, ఒక పాయింటు వస్తుంది. ఆ దీపం కోసం మనుషులు నమస్కారం పెట్టుకుని మరీ పొడుచుకుంటారు.

మీరట్‌లో పుట్టి, విజయనగరంలో ఓ కాలేజీకి చేరాను. మొదట నన్ను పట్టిన సీనియరమ్మాయి రెండు పోటీలు ఓడి, తప్పంతా నాదేనని మూలన పడేసింది. ఆడలేక మద్దెల ఓడు! అక్కణ్ణుంచి నన్ను తీసింది పైడితల్లి, బీకాం మొదటి సంవత్సరం పిల్ల. ఎదుటివాళ్ల కాలి బొటనవేలిని పొడవడం ఆమె విద్య. మూడేళ్లు వరసగా యూనివర్సిటీ ఛాంపియన్ అయింది. ఆ గొప్పంతా నాదేననుకున్నాను.

ఆపైన జాతీయ పోటీ ఫైనలు. పద్నాలుగు, పద్నాలుగు. ఇంకొక్క పోటు పడితే భారత జట్టులో చోటు. పైడితల్లి వంగి కాలికి గురిపెట్టింది. నేను బూటు పక్కనుంచి జారి, మేం ఆడే లోహపు పట్టీ అవతల నేలకు గుద్దుకున్నాను. దీపం వెలిగింది. యంత్రానికి కాలైనా నేలైనా ఒకటే. రిఫరీ మావైపు చెయ్యెత్తాడు. మా కోచ్ అప్పలస్వామి మాస్టారు గెంతులేశారు. నిజం తెలిసింది నాకూ పైడితల్లికే. నోరు మెదపకు తల్లీ అని సిగ్గు లేకుండా మొక్కుకున్నాను.

ఆమె ముసుగు తీసింది. "సార్, అది నేలకి తగిలింది."

పాయింటు రద్దయింది. మరుక్షణమే ఎదుటి పిల్ల పోటు మా భుజాన పడింది. ఓడిపోయాం.

"లైటెలిగింది కదే! నువ్వే నోరిప్పాలా?" అన్నారు మాస్టారు రైల్లో.

"తగల్నిది తగిలిందని ఎలగంతాను మాస్టారూ?"

నాకూ ఆమె మీద కోపంగానే ఉంది.

మరుసటి ఏడు అదే పోటీలో పదిహేను, తొమ్మిదితో బంగారు పతకం గెలిచింది. జట్టులో చేరింది, కొత్త కత్తులొచ్చాయి. నేనేమో కొత్తగా ఆట నేర్చుకునే పిల్లల పాలయ్యాను. ఆదివారాలు వాళ్లకు నేర్పేది పైడితల్లే.

మొన్న సంపూర్ణ అనే ఎనిమిదో తరగతి పిల్ల నాతో ఆడుతోంది. దీపం వెలిగింది. మాస్టారు బోర్డు మీద గీత గీసేశారు. పిల్ల చెయ్యెత్తింది.

"అక్కా, నాది నేలకి తగిలింది."

మాస్టారు ఆ గీతను అరచేత్తో చెరిపారు. పైడితల్లి వైపు తిరిగి, "ఆ దినం నిన్ను ఊరికినే తిట్టీసేను గుంటా. నువ్వే రైటు," అన్నారు.

నేనూ ఆమెకు ఆ మాటే చెప్పుకోవాలి. నోరు లేదు.