నాలుగు లేని నంబర్లు అయిపోయినప్పుడు

లోకంలో ఈ నంబర్లు ఎప్పటికైనా అయిపోతాయా అని అడుగుతుంటారు. లోకం సంగతి నాకు తెలీదు, నేను చదివింది మూడో తరగతి. తైపేకి గంట దూరంలో మా హుకౌలో, పెంగ్ బాస్ ఫ్యాక్టరీలో మాత్రం ఆరేళ్లకే అయిపోయాయి. ఎలా అయిపోయాయో చెప్తా, నిదానంగా రాసుకో.

మేం చేసేది నెట్ కార్డులు. కంప్యూటర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాలంటే లోపల పెట్టాలే, ఆ అరచెయ్యంత పలక. ప్రతి పలకకీ పుట్టుకతోనే ఓ నంబరు ఎక్కిస్తాం. భూమ్మీద రెండు పలకలకి ఒకే నంబరు ఉండకూడదు. ఉండి, ఆ రెండూ ఒకే గదిలో పడ్డాయనుకో, ఏ మాట ఎవరికి వచ్చిందో తెలీక రెండూ మూగబోతాయి. అందుకని అమెరికాలో ఓ సంఘం కూర్చుని ఫ్యాక్టరీకి ఇన్నని నంబర్లు అమ్ముతుంది. మా బాస్ ఓ కట్ట కొన్నాడు. కట్టంటే కోటీ అరవై ఏడు లక్షలు.

మరి అన్నుంటే ఆరేళ్లలో ఎట్లా అయిపోతాయంటావు కదా. మా భాషలో నాలుగన్నా చావన్నా పలకడానికి ఒకటే, అందుకని మాకు నాలుగంటే చావు. ఆస్పత్రిలో నాలుగో అంతస్తు ఉండదు, అది అందరికీ ఉన్నదే. మా బాస్‌కి ఇంకాస్త ముదిరింది. నంబర్ల లేబుళ్లు చుట్టలు చుట్టలుగా అచ్చై వచ్చేవి, లేబుల్ మీదున్న నంబరే పలకలోకీ ఎక్కేది. లాన్‌మోయ్ అని ఒకావిడ, ఆవిడ కింద ఇంకో ఐదుగురు ఆడవాళ్లు, కత్తెర్లు పట్టుకుని కూర్చుని, నాలుగు కనపడ్డ లేబుల్‌నల్లా కత్తిరించి పక్కన పడేసేవాళ్లు. మూడింట ఒకటి కత్తెర పాలే. బయట పారేస్తే దోషమట. ఇనప బీరువాలో పెట్టించి తాళం నా చేతికిచ్చాడు.

నా పనేంటంటే, ఏ నంబరు ఎటు పోయిందో చూసుకోవడం. ప్రతి ఆర్డరు కాగితం మీద "ఇందులో ఏ నంబరూ రెండోసారి వాడలేదు" అని అచ్చేసి ఉంటుంది. దాని కింద నా పేరు ముద్ర వెయ్యాలి. తప్పు తేలితే పోయేది నా ఉద్యోగం. అప్పటికి నాకు యాభై మూడు. ఆ వయసులో గేటు బయట నిలబడితే పిలిచి పనిచ్చేవాడెవడు?

ఆరో ఏడు చివర మంచి నంబర్లు అడుగంటాయి. ఇంకో కట్ట కొంటే గొడవే లేదు. కానీ అదే వారం బాస్ మేనల్లుడు చి-హావ్ టై కట్టుకుని తైపేలో ఏదో సభకి వెళ్లొచ్చాడు. రేపు బల్బుకీ పళ్ల బ్రష్షుకీ కూడా నంబరిస్తూ పోతే ఓ వందేళ్లకి లోకంలో నంబర్లు నిండుకోవచ్చని అక్కడో పెద్దమనిషి అన్నాడట. చి-హావ్ ఆ వందేళ్లని బస్సులో మర్చిపోయి, మిగతాది ఇంటికి తెచ్చాడు. బాసేమో ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. ఇంక ఎక్కడా నంబర్లు దొరకవు, ఉన్నవాటినే మళ్లీ మొదట్నించీ వాడండి అన్నాడు. పాత పలక బ్రెజిల్‌లో ఉంటే కొత్తది పోలండ్‌కి పోతుంది, ఈ కవలలు జన్మలో కలుస్తాయా అని చి-హావ్ బోర్డు మీద లెక్కేసి మరీ చూపించాడు.

కలుస్తాయని నాకు తెలుసు. మా ఫ్యాక్టరీ మొట్టమొదటి ఆరువందల పలకలు పోయింది పక్కూరు మ్యావ్‌లిలో బడులకి. లారీకెక్కించింది నేనే. ఇప్పుడొచ్చిన ఆర్డరు కూడా ఆ బడులదే, అవే గదుల్లో ఇంకో ఆరువందలు. నంబర్లు మొదట్నించీ వాడితే వీటికి పడేవి ఆ పాతవే.

వెళ్లి బాస్‌తో చెప్పా. బీరువాలో ఎవరూ ముట్టని నంబర్లు యాభై లక్షల పైన ఉన్నాయి, అవి వాడదామన్నా. తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

"పిల్లలు చదువుకునే బడికి చావు నంబరు పంపుతావట్రా ఖున్? నీ ఇంట్లో పిల్లల్లేరూ?"

"నంబర్లు కలిస్తే అవి పనిచెయ్యవు బాస్."

"పనిచెయ్యకపోతే చెయ్యకపోనీ. ఎవరూ చావరుగా."

సోమవారం సరుకు పోవాలి, నువ్వు ముద్ర వెయ్యకపోతే వేసేవాణ్ణి చూసుకుంటా పో అన్నాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర లాన్‌మోయ్ అంతా విని ముల్లంగి ముక్క నములుతూ అంది: "ఖున్ అన్నా, వేసినా నీ ఉద్యోగం పోద్ది, వెయ్యకపోయినా పోద్ది. ఎట్లాగూ పోయేదానికి దొంగ ముద్ర ఎందుకు?"

"ఆ బీరువా ముట్టుకోడానికి నీకు భయం లేదా?"

"ఆరేళ్ల నించి రోజుకి ఐదొందల చావులు కత్తిరిస్తన్నా. చూడు, ఎట్లా ఒళ్లు చేశానో."

బీరువా తీశాం. ఆరువందల పలకలకీ నాలుగున్న లేబుళ్లే అంటించాం, కాగితం మీద ముద్ర వేశా. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

అదే వారం తైచుంగ్‌లో ఓ బీమా ఆఫీసుకి ఇంకో సరుకు పోయింది. వాళ్లూ పాత ఖాతాదారులే. పాత నంబర్లే మళ్లీ అంటించి దానికి ముద్ర వేసింది చి-హావ్. అక్కడ పలకలు జంటలు జంటలుగా పడిపోయాయి. చి-హావ్ మూడుసార్లు వెళ్లాడు. ఒకసారి తీగలు మార్చాడు, ఒకసారి తీగల్ని తొక్కుతున్నాయని కుర్చీల్ని తిట్టాడు. మూడోసారి, మిషను మాట వినాలంటే మావాళ్లు పెట్టే పచ్చరంగు ప్యాకెట్ మొక్కజొన్న చిరుతిండి ఉంటుందే, అది ప్రతి కంప్యూటర్ మీదా ఒకటి పెట్టొచ్చాడు. ఆఫీసువాళ్లు అది తినేసి, సరుకు వెనక్కి పంపారు.

బాస్ వెంటనే మ్యావ్‌లి బడులకి ఫోన్ చేశాడు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి, మార్చిలో ఇంకో మూడొందలు పంపండి అన్నారట. నవ్వుకుంటూ నా దగ్గరికొచ్చి, అదెట్లారా అని కాగితం తీసుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. మొదటి వరసలోనే రెండు నాలుగులు. కాగితం బల్ల మీద పడేసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇవి పిల్లల గదుల్లో ఉన్నాయా?"

"నెలైంది బాస్. అందరూ బడికొస్తన్నారు."

తాళం ఇచ్చి పొమ్మన్నాడు. తీసిచ్చా. తీసుకోడు. చి-హావ్‌ని తీసుకోమన్నాడు. వచ్చే నెల నా పెళ్లి మావయ్యా అని చి-హావ్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఇంజనీర్ల వైపు చూస్తే వాళ్లు కిటికీ వైపు చూశారు. తాళం నా అరచేతిలోనే ఉంది. మంచి నంబర్లు లేవు, కవలలకి ఖాతాదారుడు లేడు, చావు నంబర్లు ముట్టే మగాడు ఫ్యాక్టరీలో నేనొక్కణ్ణే.

చివరికి బాస్ తేల్చాడు. నాలుగులన్నీ దూరదేశాలకి అమ్మాలి, అక్కడివాళ్లకి నాలుగంటే మూడు తర్వాత వచ్చేదే గదా. ముద్ర నేనే వెయ్యాలి, నా బల్ల హాలు చివరికి పోవాలి. చి-హావ్‌ని నంబర్ల శాఖకి అధికారిని చేశాడు. ఆయన పని, నా బల్ల దగ్గరికి ఎవరూ పోకుండా చూడ్డం.

అరవై అయిదు దాకా ఆ మూలే పనిచేశా. ఏదైనా చెప్పాలంటే చి-హావ్ పది అడుగుల అవతల నిలబడి కేకేసేవాడు. లాన్‌మోయ్ ఒక్కతే అన్నం డబ్బా పట్టుకుని వచ్చేది. ఫ్యాక్టరీ మొత్తంలో ఎవడూ వచ్చి పని చెప్పని చోటు ఇదొక్కటే అనేది.