పదమూడో తీగ

మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకి మాస్టారి బల్ల మీది చేతిరేడియోలో పచ్చదీపం వెలిగింది. వెలిగింది సరే, మళ్లీ ఆరలేదు.

మామూలుగా అయితే ఆ దీపం వెలుగుతుంది, రేడియో రెండు క్షణాలు కీచుమంటుంది, దీపం ఆరిపోతుంది. ఆ కీచులోనే అక్షరాలుంటాయి. పక్కనున్న చిన్న మోడెం వాటిని విడదీసి కంప్యూటరు తెర మీద ఒక వరుసగా పరుస్తుంది. ఇప్పుడు దీపం ఉంది గానీ కీచు లేదు. ఎప్పుడూ సన్నగా వినపడే ‘సుయ్’ కూడా అణిగిపోయింది. ఎవరో మైకు నొక్కిపట్టి, ఏమీ మాట్లాడకుండా, ఊపిరైనా వినపడనివ్వకుండా అవతల కూర్చున్నట్టుంది.

మాస్టారు కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ముప్ఫై రెండేళ్లు పనిచేసి మూడేళ్ల కిందట రిటైరయ్యారు. ఆ ఏడే భార్య పోయింది. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర మనిషిని తినేస్తుందని ఎరిగిన మనిషి కాబట్టి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు. ఊళ్లో రేడియో లైసెన్సున్నవాళ్లు పన్నెండుమంది. చేతిరేడియోని కంప్యూటరుకి కలిపే తీగ కొందామంటే దొరకదు. దొరికినా ఒకరి రేడియోకి సరిపోయింది ఇంకొకరి దానికి సరిపోదు. అందరికీ మాస్టారే చేసిచ్చారు. పాత ఇయర్‌ఫోన్ల పిన్నులు కోసి, అల్లికతొడుగున్న తీగకి అతికి, మధ్యలో అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బీలో ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు కూర్చేవారు. కెపాసిటరు కీచుని పోనిచ్చి కరెంటుని ఆపుతుంది. రెసిస్టరు దారి తెరుచుకుంటే రేడియో దాన్ని ‘ఇక మాట్లాడు’ అనే ఆజ్ఞగా తీసుకుంటుంది. అతుకులకి తడి తగలకుండా పైన గోళ్లరంగు పూసేవారు. ఎర్రది, ఆవిడ అలమరలో మిగిలిపోయినది.

“వార్నిషు కొనుక్కోలేవా బావా?” అనేవాడు బావమరిది.

“ఇది ఆరితే రాయిరా,” అనేవారు మాస్టారు. అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు. బావమరిది ఆ మాట అక్కడితో వదిలేసేవాడు. అలాంటి వదిలేయడాలని మాస్టారు మనసులో దాచుకునేవారు.

ఈ బావమరిది గడియారాలు బాగుచేస్తాడు. సన్నగా, నిలకడ లేకుండా తిరుగుతూ ఉంటాడని ఊరంతా ‘ముల్లు’ అంటారు. ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే కొట్టు బోర్డు మీద కూడా అదే రాయించుకున్నాడు. పావుతక్కువ రెండుకి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

“నీ రేడియో కూడా గుడ్లప్పగించి చూస్తోందా?”

“చూస్తోంది. ఎవరిదో ఇరుక్కుపోయింది.”

“ఎవరిదో ఏమిటి, పన్నెండూ నీ చేతిలో పుట్టినవే. అందులో ఒకటి పెంకిది పుట్టింది. కన్నవాడివి నువ్వే వెతుక్కో.”

మాస్టారు నవ్వలేదు. తెర మీద చివరి వరుస ఒంటిగంటది. ఒంటిగంటన్నరకి రావలసింది రాలేదు.

ఆ వరుస రావలసింది ఏటి దగ్గర్నించి. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల ఎగువన రెండు పాయలు కలిసే చోట ఎత్తైన రాతిగట్టు, దాని మీద పాడుబడ్డ పంపుగది ఉన్నాయి. పోయినేడాది అనుమతి అడిగి, ఆ గదిలో ఒక చేతిరేడియో, చిన్న కంప్యూటరు, నీళ్లలోకి తేలుబుడ్డి పెట్టొచ్చారు. గట్టు అంచుకి నీరు ఎన్నడుగుల కిందుందో అది అరగంటకోసారి చెబుతుంది. అధికారుల లెక్క రోజుకొక్కసారే, పొద్దున ఎనిమిదింటికి వస్తుంది. ఇవాళ పొద్దున అంతా బాగానే ఉందన్నారు. పన్నెండింటికి ఎనిమిదడుగుల కిందుంది. ఒంటిగంటకి ఆరు.

ఊళ్లో చినుకు లేదు. అదే మాస్టారికి నచ్చలేదు. వీధిలో దుమ్ము దుమ్ముగానే ఉంది, ఎగువన కొండల మీద మాత్రం ఆకాశం మసిగుడ్డ పిండినట్టు కిందికి కారుతోంది.

ఈ రేడియోలన్నిటికీ దారి ఒక్కటే. ఒకరు మాట్లాడుతుంటే మిగతావి వింటూ ఆగుతాయి. పంపుగదిలోదీ అంతే. అలా ఆగేటట్టు దానికి నేర్పింది మాస్టారే. ‘కొంప మునుగుతున్నా మధ్యలో నోరెత్తదు, అంత మర్యాదస్తురాలు’ అని అప్పట్లో మురిసిపోయారు కూడా. ఇప్పుడు ఎవరిదో తీగ ఇరుక్కుని దారికి అడ్డం పడుకుంది. అది లేస్తే గానీ ఏటి కబురు రాదు.

ఏటి కబురు కావలసింది మాస్టారి కూతురికి. పల్లపు వీధిలో పసిపిల్లల్ని చూసుకునే బడి నడుపుతోంది. ఐదేళ్ల లోపు పిల్లలు ఇరవై ఇద్దరు. ఆ ఇల్లు తీసుకునేముందు ‘ఏటికి మరీ దగ్గర కాదూ నాన్నా’ అని సందేహించింది. “గట్టు దగ్గర నీళ్లకి నీ గుమ్మం తొక్కడానికి గంటన్నర పడుతుంది. అరగంటకోసారి ఏరు నాకు ఉత్తరం రాస్తుంది. నేనున్నాగా,” అన్నారు మాస్టారు. ఆ మాట మీద తీసుకుంది.

ఇద్దరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. తమవి రెండూ ముందే పీకేశారు. మిగిలినవి పది.

“రెండు చేతులూ పిండిలో ఉన్నాయి మాస్టారూ, మోచేత్తో పీకమంటారా?” అన్నాడు బేకరీ ఆయన.

“పీకడమే కదండీ, నాకు వదిలేయండి,” అన్నాడు పళ్లడాక్టరు.

టెలిఫోను ఎక్స్ఛేంజీలో రిటైరైన ఆవిడకి కోపమొచ్చింది. “ముప్ఫయ్యేళ్లు ఊరందరి లైన్లూ కలిపినదాన్ని, నేను లైను పట్టుకు వేలాడతానా? చూసి మాట్లాడు నాయనా!” అంటూనే పీకింది. లారీ డ్రైవరు భార్యకి ఏది పీకాలో తెలియక ఫ్రిజ్జుతో సహా అన్నీ పీకేసింది. ఇంకొకాయన ఇంట్లో లేడు, తాళం ఎదురింట్లో ఉంది, వాళ్లు భోంచేస్తున్నారు. వాళ్లు తిని, చెయ్యి కడుక్కుని, తాళం తీసి, పీకేసరికి రెండూ ఐదయింది.

పన్నెండు తీగలూ ఊడాయి. పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ముల్లు దాన్ని చూసి మొదటిసారి గొంతు తగ్గించాడు. “బావా, ఇదెవరు?”

మాస్టారు రేడియో తీసుకుని మేడెక్కారు. ఏంటెనా ఊడదీసి, రేడియోని గుండెకి ఆనించి పట్టుకుని, నిలుచున్నచోటే మెల్లగా తిరగడం మొదలుపెట్టారు. మనిషి ఒళ్లు రేడియో అలకి గోడలా అడ్డం పడుతుంది. వీపు ఎటున్నప్పుడు రేడియో మీది సిగ్నలు గీతలు పడిపోతాయో, అల వచ్చేది అటునుంచే. బజారువైపు వీపు పెట్టారు, గీతలు నిండుగా ఉన్నాయి. కాలేజీవైపు పెట్టారు, అంతే. కొండలవైపు పెట్టేసరికి గీతలన్నీ ఒక్కసారి రాలిపోయాయి.

అటు ఇళ్లు లేవు. అటున్నది పంపుగది ఒక్కటే.

మాస్టారికి ఆ గది నేల గుర్తొచ్చింది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పదమూడో తీగ బిగించారు. పొడుగు తప్పుగా కొలిచి బారెడు ఎక్కువ చేశారు. రేడియో, దాని పెద్ద బ్యాటరీ పై అరలో, తలెత్తున ఉన్నాయి. ‘ఏనుక్కి తోక తగిలించావేమిటి బావా’ అని ముల్లు నవ్వుతుంటే, మిగిలిన తీగని గోడవారగా కిందికి వేలాడేశారు. డబ్బీ మోకాలెత్తులో తేలింది.

ఆ డబ్బీలో అతుకులకి రంగు వేయలేదు. పన్నెండు తీగలయ్యేసరికి సీసాలో అడుగున వేలిమందం మిగిలింది. కుంచె ముంచబోయి, ఆగిపోయి, మూత బిగించేశారు. కప్పు ఉన్న గది కదా, వాన తగలదులే అనుకున్నారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మెట్లు దిగి ముల్లు దగ్గరికొచ్చారు.

“ఎవరిదీ ఇరుక్కోలేదురా. మైకు నొక్కిపట్టింది మనిషి కాదు, ఏరు. బురదనీళ్లు డబ్బీలో దూరి రెండతుకుల మధ్యా దారి వేశాయి. రేడియో దాన్ని ఆజ్ఞ అనుకుంటోంది.”

“గట్టు మీదికా? మా తాత చిన్నప్పుడు కూడా గట్టెక్కలేదట!”

“గట్టెక్కి, గదిలో మోకాలి దాకా వచ్చింది. ఒంటిగంటా ఇరవైకే వచ్చింది.”

ముల్లుకి కాలం లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. గోడ గడియారం వైపు చూశాడు. రెండూ పన్నెండు. ఒంటిగంటా ఇరవైకి గంటన్నర కలిపితే పదితక్కువ మూడు. పిల్లలు నిద్రలేచేది మూడింటికి.

మాస్టారు ఫోను చేశారు. “అమ్మలూ, పిల్లల్ని లేపి కాలేజీ వరండాకి తీసుకొచ్చెయ్.”

“ఇప్పుడేగా నాన్నా జోకొట్టి పడుకోబెట్టింది, లేపితే నన్ను నమిలి మింగుతారు. ఇక్కడ చినుకైనా లేదు. ఎన్నడుగులని వచ్చింది?”

“ఏమీ రాలేదు. అందుకే.”

అవతల ఒక్క ఊపిరి వినపడింది. “సరే,” అంది. ఇంకో ప్రశ్న అడగలేదు. ఆ అడగకపోవడం మాస్టారికి గుండె మీద చెయ్యి వేసినట్టుంది, మరుక్షణం అదే చెయ్యి బరువెక్కింది కూడా.

బేకరీ ఆయన పిండి చేతులతోనే వ్యాను తెచ్చాడు. పిల్లలు ముడులు వేసిన తాడు పట్టుకుని వచ్చారు. ఆ బడిలో బయటికెళ్లడానికి అదే పద్ధతి. తాడుకి ఇరవై రెండు ముళ్లు, ముడికో చెయ్యి. సగం నిద్రలో ఏడుస్తున్నవాళ్లు వ్యాను తలుపు తెరిచేసరికి వేడి రొట్టెవాసనకి ఊరుకున్నారు. ముల్లు వీధి పొడుగునా తలుపులు బాదుతూ వెళ్లాడు. కొందరు వచ్చారు, కొందరు నవ్వారు. మూలనున్న టైలరు మిషను ఆపనైనా ఆపలేదు.

“చినుకు లేకుండా వరదేమిటయ్యా ముల్లూ? నీ గడియారం ముందుకి పోతున్నట్టుంది. ఈ చొక్కా చెయ్యి కుట్టేసి వస్తాలే.”

రెండూ నలభైకి పిల్లలందరూ కాలేజీ వరండాలో ఉన్నారు. వీధికంటే రెండు మేడల ఎత్తున్న మిట్ట అది. కూతురు ముళ్లు లెక్కపెట్టింది, పిల్లల్ని లెక్కపెట్టింది. కిందనుంచి మిషను చప్పుడు ఇంకా వినపడుతోంది. మాస్టారి జేబులో పచ్చదీపం వెలుగుతోంది.

ముందు అల రాలేదు. వీధి చివర మురుగుకాలవ నీళ్లు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. చప్పుడు లేకుండా, ఏదో మరిచిపోయి తిరిగొస్తున్న మనిషిలా వచ్చాయి. తర్వాత కాలవ మూతలు ఒక్కొక్కటీ పైకి లేచి పక్కకి జరిగాయి. మిషను చప్పుడు ఆగింది.

“ముల్లు మావయ్యేడీ?” అంది కూతురు.

చాలాసేపటికి మలుపులో ముల్లు కనిపించాడు. తొడల దాకా తడిసి ఉన్నాడు, భుజం మీద కుట్టుమిషను తలకాయ. వెనక టైలరు ఎవరిదో చొక్కా చంకన పెట్టుకుని, “మెల్లగా, సూది వంగుతుంది!” అని తిడుతూ వస్తున్నాడు.

అప్పుడే జేబులోంచి ‘సుయ్’మంది. దీపం ఆరిపోయింది.

“బ్యాటరీ అయిపోయుంటుంది,” అన్నాడు ముల్లు రొప్పుతూ.

“అయ్యుంటుంది,” అన్నారు మాస్టారు. ఆ పెద్ద బ్యాటరీ రాత్రి దాకా వస్తుందని ఇద్దరికీ తెలుసు. అది తలెత్తునున్న అరలో ఉందనీ తెలుసు. ఒంటిగంటా ఇరవైకి మోకాలి దాకా ఉన్న నీళ్లు ఇప్పుడు తల దాకా వచ్చాయి. కింద ఇప్పుడు పారుతున్నది అప్పటి మోకాలి నీళ్లే. తలెత్తువి దారిలో ఉన్నాయి.

కూతురు వచ్చి పక్కన నిలబడింది. “రేడియో చెప్పింది కదా నాన్నా. చాలు.”

“ముందే చెప్పేది,” అన్నారు మాస్టారు. దాచుకోలేకపోయారు. “ఆ ఒక్క తీగకే రంగు వేయలేదు. అమ్మ సీసాలో కాస్తే మిగిలింది, చెయ్యి రాలేదు. వేసుంటే ఒంటిగంటన్నరకే అంకె వచ్చేది. నలభై నిమిషాలు దీపం చూస్తూ, ఊరంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాను.”

ముల్లు మిషను కింద దించి, తడి చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆ సీసా వాడి అక్కది కూడా.

“ఎంత మిగిలింది?” అంది కూతురు.

“వేలిమందం.”

“అమ్మ ఉంటే సీసాతో సహా నీ నెత్తిన బోర్లించేది.” గొంతులో నవ్వు లేదు, కోపమూ లేదు. వీధివైపే చూస్తోంది. నవ్వినవాళ్ల ఇళ్లలో మూడు మేడల మీద మనుషులు కనిపిస్తున్నారు. నాలుగోదాని మీద కనిపించడం లేదు.

“పద బావా, వ్యాను ఇంకొక్కసారి దిగుతుంది,” అన్నాడు ముల్లు. బేకరీ ఆయన అప్పటికే ఎక్కి కూర్చున్నాడు.

తాడు చివరిముడి పట్టుకున్న పాప మాస్టారి లాల్చీ లాగింది. “తాతా, నీ జేబు ఎందుకు ఏడుస్తోంది?”

మాస్టారు రేడియో తీసి ఆ పాప చేతిలో పెట్టారు. “పచ్చదీపం వెలిగితే గట్టిగా అరువమ్మా,” అని చెప్పి వ్యాను ఎక్కారు. అది ఇక వెలగదని తెలుసు. పాప రెండు చేతులా పట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది.

వ్యాను మలుపు తిరిగేసరికి కూతురి బడికున్న మూడు మెట్లలో ఒకటే కనిపిస్తోంది.