డిస్కుకి చేరని మాట

మందు సిరంజిలోకి ఎక్కించి, నర్సు కాంతమ్మ గారు కంప్యూటర్ వంక చూసి "పడని మందులేవీ లేవు" అని పైకే చదివేరు.

గుమ్మం అవతల చీటీలిస్తున్న సత్యశ్రీ అవి వదిలేసి లోపలికి పరిగెత్తింది. లోపల జ్వరంతో పడుకున్నది ఆమె కొడుకు చిన్నా. కిందటి నెల ఆ మందుకే వాడి పెదాలు వాచిపోయి ఊపిరాడలేదు. ఆ సంగతి వాడి పేరు కింద ఎక్కించింది తనే.

"ఆగండాగండి! అది వాడికి పడదండీ!"

కాంతమ్మ గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఇందులో లేదు కదమ్మా! మీ మరిది రాసిన ప్రోగ్రామే కదా?"

కబురందుకుని ఉదయ్ కొత్తపేట నుంచి బండి మీద వచ్చేడు. అమలాపురంలోని ఆ పిల్లల ఆసుపత్రికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసింది అతనే.

"సేవ్ నొక్కలేదేమో వదినా."

"నొక్కేను. పదో తరగతి మధ్యలో మానేసినా, సేవ్ నొక్కడం రాదనుకున్నావా? రాసింది కళ్ళారా చూసేను."

చిన్నా పేరు కింద మందు పేరు మళ్ళీ ఎక్కించింది. కనబడింది. ప్రోగ్రాం మూసి తెరిస్తే లేదు! ఉదయ్ మొహం పాలిపోయింది.

"ఒక్కో పిల్లాడి వివరాలూ ఒక పెట్టె అనుకో వదినా. అందులో ఇంకో చిన్న పెట్టె, పడని మందులది. అడిగితే డిస్కులోంచి వచ్చేది ఆ పెట్టె నకలు. నువ్వు రాసిందంతా నకల్లోనే పడింది. మొత్తం పెట్టెని తిరిగి డిస్కులో పెట్టమని నేను రాయలేదు. కొత్త పిల్లల్ని చేర్చినప్పుడు పెట్టంతా వెళ్తుంది. నేను అదొక్కటే చూసుకున్నాను."

"అంటే జాడీలోంచి పచ్చడి గిన్నెలోకి తీసి, గిన్నెలో ఉప్పు కలిపి, గిన్నె కడిగేసినట్టా?"

"ఆయ్ వదినా."

అతను ఒక్క లైను చేర్చేడు. ఈసారి మూసి తెరిచినా మందు పేరు అక్కడే ఉంది. సత్యశ్రీ తెర మీది పిల్లల పేర్ల వరస కిందికి జరిపింది.

"మరి తక్కిన పిల్లలవీ? ఎంతమందివి రాసేనో! అవెక్కడున్నాయి?"

"ఎక్కడా లేవు వదినా. డిస్కులోకి ఎప్పుడూ వెళ్ళలేదు."

తన కొడుకు దగ్గర తనుంది. వాళ్ళ దగ్గర ఎవరుంటారు? ఎవరెవరివి రాసిందో గుర్తు లేదు. ఫోను తీసి, మొదటి పేరు నుంచే మొదలుపెట్టింది.

"ఆసుపత్రి నుంచండి. మీ పాపకి ఏ మందు పడదో చెప్తారా?"

"మొన్ననే చెప్పేను కదండీ!"

"ఆయ్, చెప్పేరండి. మళ్ళీ చెప్పండి."