రెండు కాలేజీల్లో ఒక బల్ల

నేను ఒక టేకు బల్లను. పన్నెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది కాళ్ళు. నా కథ చెప్పేముందు మా అన్నయ్య మీద ఒక ఫిర్యాదు చేసుకోవాలి, లేకపోతే నా మనసు కుదుటపడదు. ఇద్దరం ఒకే మానులోంచి, ఒకే వడ్రంగి చేతిలో, ఒకే వారంలో పుట్టాం. నాకన్నా రెండు రోజులు ముందు తయారయ్యాడు, అదొక్కటే వాడి గొప్ప. కుర్చీ అయ్యాడు కాబట్టి వైస్ ఛాన్సలర్ గారి గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. ఏడాదికోసారి పాలిష్ కోసం షెడ్డుకి మోసుకెళ్తుంటే మా కిటికీ ముందునుంచే వెళ్తాడు, ఒక్కసారైనా తల తిప్పి చూడడు. కుర్చీకి తల ఎక్కడుంటుందని మా స్టూళ్ళు నాకు సర్దిచెబుతాయి. వీపుంది కదా! అది మాత్రం చక్కగా నావైపు తిప్పి వెళ్తాడు.

పోనీలెండి. వాడి మీద ఒక్క మనిషే కూర్చుంటాడు. నా మీద రెండు కాలేజీలు కూర్చున్నాయి. ఎలాగంటారా? అదే నా కథ.

నన్ను చేసిన వడ్రంగి పేరు కొండలరావు. కొండ మీద, సముద్రానికి ఎదురుగా మా విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన రోజుల్లో, ఈ హాల్లోనే కూర్చుని నన్ను చేశాడు. చేశాక తలుపు పెట్టారు. ఆ తలుపు మూడడుగులు. అంటే పుట్టిన గదిలోంచి నేను బయటికి వెళ్ళాలంటే ముక్కలై వెళ్ళాలి. ఈ సంగతి కొండలరావుకి ముందే తెలుసని నా అనుమానం. ఎవరో అడిగితే, "ఇంతసేపు సేసినాను బాబూ, తీసుకుపోడానికా?" అన్నాడట.

మొదట్లో అంతా ఒకటే కాలేజీ. నా ఈ చివర వృక్షశాస్త్రం వాళ్ళు ఆకులు ఆరబెట్టుకునేవారు, ఆ చివర చరిత్ర వాళ్ళు రాగి రేకులు పరుచుకునేవారు. మధ్యలో అందరి టీ గ్లాసులు. ఆకుల వాళ్ళు రేకుల సంగతి అడిగేవారు, రేకుల వాళ్ళు ఆకుల సంగతి అడిగేవారు. అది విద్య అని అప్పట్లో ఎవరికీ తెలియదు, కబుర్లు అనుకునేవారు.

తర్వాత విశ్వవిద్యాలయం పెరిగింది. పెరిగిన ప్రతిదాన్నీ సర్దుకోవాలి కదా. మీ వంటిల్లే అనుకోండి. కాలేజీలు అరలు, శాఖలు డబ్బాలు. అరకొక ప్రిన్సిపాల్, డబ్బాకొక శాఖాధిపతి. డబ్బాకి మూత మార్చినట్టు కొన్నేళ్ళకోసారి శాఖాధిపతి మారతాడు. ఆర్ట్స్ అర వేరు, సైన్స్ అర వేరు, ఇంజనీరింగ్ అర అన్నిటికన్నా పైన, ఎవరికీ అందనంత ఎత్తులో. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఏ ఇంట్లోనైనా డబ్బా మీద రాసిన పేరు ఒకటి, లోపల ఉన్న సరుకు ఇంకొకటి ఉండడం మీరు చూసే ఉంటారు. వేరే మనిషి వచ్చి వండితే గాని ఆ సంగతి బయటపడదు.

వృక్షశాస్త్రంలోంచి సూక్ష్మజీవశాస్త్రం విడిపోయింది. దానికి ఈ హాలు ఇచ్చారు. అదే నెలలో గృహవిజ్ఞానం అని కొత్త శాఖ వచ్చింది. ఆహారం, పోషణ, పిల్లల పెంపకం చెబుతారు. దాన్ని ఏ కాలేజీలో పెట్టాలో పెద్దలు మూడు సమావేశాలు చర్చించారు. వంట కళ కాబట్టి ఆర్ట్స్ కాలేజీలో పెట్టారు. ఆ సమావేశాల్లో వంటొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరని విన్నాను. దానికీ ఈ హాలే ఇచ్చారు. హాలు ఒకటి, శాఖలు రెండు, కాలేజీలు రెండు. మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టమని కొండలరావుని పిలిచారు.

గోడ సరిగ్గా నా నడుం మీదికొచ్చింది. బల్ల మాదంటే మాదన్నారు. కోస్తే ఇద్దరికీ చెరి ఆరడుగులొస్తుందని ఒక క్లర్కు సలహా ఇచ్చాడు. కొండలరావు రంపం పక్కన పెట్టేసి, "నా సేత్తో నాను కొయ్యను. బల్లని కాదు, గోడని కోత్తాను" అన్నాడు. అన్నట్టే గోడకి నా కొలతకి ఖాళీ వదిలాడు, పైన నాలుగు వేళ్ళ సందు కూడా ఉంచాడు. ఎందుకని అడిగితే, "బల్లకి ఊపిరాడొద్దా?" అన్నాడు.

అలా నేను సగం సైన్స్, సగం ఆర్ట్స్ అయ్యాను. మా దగ్గర ఏ వస్తువుకైనా కాలి మీద తెల్ల రంగుతో శాఖ పేరు, నంబరు రాస్తారు. నా నాలుగు కాళ్ళ మీద 'సూ.జీ. 1' అని, మిగతా నాలుగింటి మీద 'గృ.వి. 1' అని రాశారు. ఏటా రెండు కాలేజీల వాళ్ళూ తనిఖీకి వచ్చి తమ తమ కాళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళేవారు. కాగితం మీద నేను రెండు బల్లలు. నాలుగేసి కాళ్ళు, ఎవరికీ లోటు లేదు.

ఇలా ఇరవయ్యేళ్ళు గడిచాక సంపూర్ణ వచ్చింది.

గృహవిజ్ఞానంలో పరిశోధన చెయ్యడానికి శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల. మొదటిరోజే నా మీద ఆరు మట్టి కుండలు వరసగా పెట్టింది. గంజి, అన్నం, నిమ్మాకులు. అన్నాన్ని పులియబెట్టే తరవాణి కుండలు. వాళ్ళ నాయనమ్మ చిన్నపిల్లలకి, బాలింతలకి తరవాణి అన్నమే పెట్టేదట, కడుపు నొప్పి అన్న మాటే ఉండేది కాదట. ఆ పులుపులో ఏముందో, ఎన్నో రోజున ఏ జీవులు పెరుగుతాయో తేల్చాలని ఆ పిల్ల పట్టుదల.

తేల్చాలంటే మైక్రోస్కోపు కావాలి. గృహవిజ్ఞానం శాఖాధిపతి వసుంధర మేడం అర్జీ పెడితే, మైక్రోస్కోపు సైన్స్ వస్తువు, ఆర్ట్స్ కాలేజీకి ఇవ్వడం కుదరదని తిప్పి పంపారు. గోడకి అవతల నా మీదే మూడు మైక్రోస్కోపులున్నాయి. మేడం స్వయంగా అవతలికి వెళ్ళి సూక్ష్మజీవశాస్త్రం శాఖాధిపతి సోమయాజులు గారిని అడిగారు.

"రోజుకో గంట చాలండి సోమయాజులు గారూ."

"మేడం, మీరంటే నాకు గౌరవం. కానీ రేపు పచ్చడి జాడీ తెస్తారు, ఎల్లుండి దోసెల పిండి తెస్తారు. ఇది లేబొరేటరీ అండి, వంటిల్లు కాదు."

"మీ ఇంట్లో పెరుగు ఎవరు తోడుపెడతారండి?"

"మా ఆవిడ."

"అయితే మీకన్నా ఆవిడే ఎక్కువ బ్యాక్టీరియా పెంచారు" అని మేడం వచ్చేశారు. మాట బాగానే పేలింది గాని, మైక్రోస్కోపు మాత్రం రాలేదు.

ఇదంతా పైడితల్లి వింది. పైడితల్లి సైన్స్ వైపు ల్యాబ్ అటెండరు. స్లైడుకి రంగు ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు కడగాలో చాలామంది విద్యార్థులకి నేర్పింది ఆవిడే. మర్నాడు గోడ సందులో నోరు పెట్టి పిలిచింది.

"ఓ పిల్లా, సంపూర్ణా! బాబుగారు ఒంటిగంటకి బోజనానికెల్లి, కునుకు తీసి, రెండున్నరకి గాని రారు. నీ గాజుముక్కలు ఈ సందులోంచి తోసీ. ఖాళీ చేతుల్తో చుట్టూ తిరిగి రా. ఎవులడిగినా నాకు కూర ఇవ్వడానికొచ్చానని సెప్పు."

"నిజంగా కూర తేవాలా పిన్నీ?"

"మరి! అబద్దమాడతామేటి?"

అలా నాలుగేళ్ళు రోజూ మధ్యాహ్నం నాలుగు వేళ్ళ సందులోంచి స్లైడ్లు ఆర్ట్స్ కాలేజీ నుంచి సైన్స్ కాలేజీకి వెళ్ళాయి. వెనక్కి ఫలితాలు వచ్చాయి. ఆ నాలుగేళ్ళలో ఈ రెండు కాలేజీల మధ్య జరిగిన విద్యా సంబంధం అదొక్కటే. పైడితల్లి నాలుగు కేజీలు పెరిగింది.

ఒకరోజు సోమయాజులు గారు కునుకు పట్టక రెండింటికే వచ్చేశారు. చెప్పుల చప్పుడు విని సంపూర్ణ నోటుపుస్తకం పట్టుకుని పరుగెత్తింది. మైక్రోస్కోపు కింద స్లైడు ఉండిపోయింది. ఆయన ఒంగి చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"పైడితల్లీ! ఎవరిదిది? ఎంత శుభ్రంగా వచ్చాయో చూడు, ఊదారంగు బ్యాక్టీరియా గొలుసులు, ఒక్క మరక లేదు!"

"ఎవులో గాని బాబూ, తయారయ్యింది మాత్రం మన బల్ల మీదే."

ఆవిడ అబద్ధమాడలేదు. ఆయన ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. ఆ స్లైడు అంచు మీద తెల్ల కాగితం అంటించి, స్వహస్తంతో 'ఆదర్శ నమూనా, సూక్ష్మజీవశాస్త్ర శాఖ' అని రాసి పెట్టెలో దాచారు. అప్పట్నుంచి ప్రతి తరగతికీ అదే చూపించేవారు. అడిగే ధైర్యం సంపూర్ణకి లేకపోయింది. అయినా ఆ స్లైడుకి ముందే ఫోటో తీసి పెట్టుకుంది కాబట్టి పని ఆగలేదు.

"నీ గాజుముక్కకి మేష్టారి ఉద్యోగం వచ్చింది తల్లీ" అని పైడితల్లి సందులోంచి నవ్వింది.

పని పూర్తయింది, సిద్ధాంత గ్రంథం తయారైంది. అప్పుడు మొదలైంది అసలు పరిశోధన: ఇది ఎవరి పరిధి? ఆర్ట్స్ కాలేజీ వాళ్ళు చూసి, సగం బ్యాక్టీరియా ఉంది, సైన్స్‌కి పంపమన్నారు. సైన్స్ తరఫున సోమయాజులు గారు అట్ట మీద తరవాణి అన్న మాట చూసి, లోపల తెరవకుండానే 'మా పరిధిలోకి రాదు' అని రాసి పంపారు. వాళ్ళు వీళ్ళకీ, వీళ్ళు వాళ్ళకీ. రెండు గదులకీ మధ్య నాలుగు వేళ్ళ సందుంటే, ఆ ఫైలు మాత్రం కొండ దిగి పరిపాలన భవనానికి వెళ్ళి, మళ్ళీ కొండెక్కి వచ్చేది. పద్నాలుగుసార్లు తిరిగింది. ఈలోగా సంపూర్ణ రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. మార్చి ముప్పై ఒకటిలోగా ఏదో ఒక సైన్స్ శాఖ ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషనే రద్దు. ఐదేళ్ళ చదువు, వందల స్లైడ్లు, అన్నీ ఏట్లో పోసినట్టే. ఆ నెలంతా పిల్ల నా మీద తలపెట్టుకుని కూర్చునేది. నుదురు వేడిగా తగిలేది నాకు.

అప్పుడే కొత్త వైస్ ఛాన్సలర్ గారు వచ్చారు. కొత్తవాళ్ళు కాబట్టి ఫైలు చదివారు. "ఈ పని అసలెక్కడ జరిగింది?" అని అడిగారు. ఒక బల్ల మీద అన్నారు. "ఆ బల్ల ఏ శాఖది?" అంటే ఇద్దరు శాఖాధిపతులూ ఒకేసారి "మాదే" అన్నారు. ఆయనకి నవ్వొచ్చి, "నేనే వచ్చి చూస్తాను" అన్నారు.

మార్చి ఇరవై ఎనిమిదిన వచ్చారు. మా హాల్లో ఆయన హోదాకి తగ్గ కుర్చీ లేదని, ఇద్దరు మనుషులు ఆయన కుర్చీనే మోసుకొచ్చారు. ఎవరనుకున్నారు? మా అన్నయ్యే! సైన్స్ వైపు నా అంచుకి ఆనించి పెట్టారు. నలభై ఏళ్ళ తర్వాత వాడి చెయ్యి నాకు తగిలింది. ఏమీ అనలేదు వాడు. పాలిష్ వాసన మాత్రం గుప్పుమంది.

చుట్టూ వసుంధర మేడం, సోమయాజులు గారు, గోడ పక్కన సంపూర్ణ, తలుపు దగ్గర పైడితల్లి. సోమయాజులు గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, నాకు ఈ అమ్మాయి మీద కోపం లేదండి. కానీ సైన్స్‌కి ఒక స్థాయి ఉంటుంది. కుండలో పులిసిందల్లా పరిశోధన కాదు. పరిశోధన అంటే ఎలా ఉంటుందో చూడండి సార్" అని పెట్టె తెరిచి ఆ స్లైడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. "మా శాఖలో తయారైంది. మూడు బ్యాచ్‌లకి ఇదే చూపించాను."

వైస్ ఛాన్సలర్ గారు చాలాసేపు చూశారు. "అద్భుతంగా ఉందండి. ఎవరు చేశారు?"

"మా పిల్లలెవరో సార్. పేరు గుర్తులేదు."

సంపూర్ణ వసుంధర మేడం వైపు చూసింది. మేడం కళ్ళతోనే 'ఊఁ' అన్నారు.

"సార్," అంది సంపూర్ణ, "ఆ కాగితం ఒక్కసారి తీస్తారా? కింద గాజు మీద గీసి ఉంటుంది. రెండో కుండ, నలభై ఏడో రోజు."

సోమయాజులు గారు నవ్వబోయారు. నవ్వుతూనే గోటితో కాగితం అంచు లేపారు. అది అంత తేలిగ్గా రాలేదు, బాగానే అంటించారు. ఊడొచ్చాక గాజు మీద సన్నగా గీసిన అక్షరాలు: 'త 2, 47'. వసుంధర మేడం సిద్ధాంత గ్రంథం తెరిచి, నూట పన్నెండో పేజీలోని ఫోటో ఆయన ముందు పెట్టారు. అవే గొలుసులు. కుడి మూలన అదే గాలిబుడగ.

ఆయన తలుపు వైపు తిరిగారు. "పైడితల్లీ, మన బల్ల మీదే తయారైందన్నావు?"

"అవును బాబూ. ఇది మన బల్ల కాదేటి? అటేపు నాలుగు కాళ్ళు మీయి కావు గాని, బల్లొకటే కదా."

సోమయాజులు గారు ఒంగి నా కాళ్ళ వైపు చూశారు. ఇన్నేళ్ళలో మొదటిసారి గోడ సందులోంచి అవతలికి కూడా చూశారు. అవతల ఆరు కుండలు వరసగా ఉన్నాయి. తర్వాత పుస్తకం దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టారు. ఒక పేజీ, రెండు, ఇరవై. వైస్ ఛాన్సలర్ గారు తొందరపెట్టలేదు. మా అన్నయ్య ఊపిరి బిగబట్టినట్టు ఒక్క కిర్రు కూడా లేకుండా నిలబడ్డాడు.

చివరికి సోమయాజులు గారు జేబులోంచి పెన్ను తీసి, ఫైలు తెరిచి, పద్నాలుగు 'రాదు'ల కింద పదిహేనోది రాయబోయి ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా, నలభై ఏడో రోజుకి వేరే జీవులన్నీ పోయి ఇవొక్కటే మిగులుతాయా?"

"అవును సార్. అందుకే మా నాయనమ్మ కుండ ఎప్పుడూ పూర్తిగా కడిగేది కాదు."

ఆయన ఫైలులో 'మా పరిధిలోకి వస్తుంది' అని రాసి సంతకం చేశారు. ఏమో గొణిగారు.

"నాకు వినపడలేదండి" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు.

"నాక్కూడా" అన్నారు వసుంధర మేడం.

సోమయాజులు గారు నా మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డారు. ఒక చెయ్యి గోడ సందులోంచి ఆర్ట్స్ కాలేజీలోకి వెళ్ళింది.

"పొరపాటు నాదే అన్నానండి. పుస్తకం తెరవకుండా పద్నాలుగుసార్లు కాదన్నాను, ఈ పిల్ల చేసిన పనే చూపించి పిల్లలకి సైన్స్ అంటే ఇదీ అని పాఠం చెప్పాను. తప్పు నాదమ్మా సంపూర్ణా."