షెడ్డులో లావుది ఎవరు?

ఊరి ఆడవాళ్ల సంఘం షెడ్డుకి, అందరికీ కలిపి ఒక సోలారు బాక్సు వచ్చింది. దానికి ఒకవైపు పిండిమర, ఇంకోవైపు మోటారు కుట్టుమిషను. బిగించిన టెక్నీషియన్ అమ్మాయి వెళ్తూ వెళ్తూ ఒక్కటే మాట చెప్పింది.

"ఆంటీ, లోడెక్కువైతే బాక్సు ఆగిపోతుంది. జాగ్రత్త!"

సంఘం అధ్యక్షురాలు షెడ్డంతా ఓసారి పరికించి, చూపు తెచ్చి తన తోడికోడలి మీద ఆపింది. తోడికోడలు ఊళ్లో టైలరు. ఏ గుమ్మంలోకైనా కాస్త పక్కకి తిరిగి వచ్చే మనిషి.

"నువ్వు బయటే ఉండు చెల్లీ. ఏమనుకోకు, అందరి సొత్తు కదా."

"నా ఒంటికీ బాక్సుకీ ఏం సంబంధం అక్కా?"

"లోడంటే బరువు కాక మరేంటి? లారీని అడుగు, చెప్తుంది."

ఆ పూట నుంచి టైలరు పేరు లారీ అయి కూర్చుంది.

పేరు పోతే పోయింది. బడి యూనిఫాంలు రేపు పొద్దున్నకి ఇవ్వాలి. ఇవ్వకపోతే బడివాళ్లు మళ్లీ టౌను కొట్టుకే పోతారు. ఇంట్లో మిషను తొక్కి తొక్కి మోకాళ్లు మొరాయించాయి. మోటారు మిషనేమో లోపల ఖాళీగా ఉంది. వీధిలో స్టూలేసుకుని, కాజాలు కుడుతూ పళ్లు నూరుకుంటోంది.

లోపల ఠప్‌మంది. పిండిమర ఆగిపోయింది.

"లారీ! లోపలికొచ్చావా?"

"వీధిలో ఉన్నానక్కా!"

"అయితే నీ నీడ ప్యానెళ్ల మీద పడుంటుంది."

"అవి కప్పు మీదున్నాయి, నేను స్టూలు మీదున్నాను. నా నీడకేమైనా నిచ్చెన వేశావా?"

పిండి పట్టే ఆవిడ నవ్వాపుకోలేక పిండిలోకి తుమ్మింది.

లారీ టెక్నీషియన్ అమ్మాయికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది.

"ఏమ్మా, నీ బాక్సుకి లావు మనుషులంటే పడదా?"

 అటువైపు నుంచి పగలబడి నవ్వు.

"అయ్యో ఆంటీ! లోడంటే కరెంటు లాగే వస్తువులు. ఇస్త్రీపెట్టె లాంటిదేమైనా పెట్టారా?"

షెడ్డంతా అధ్యక్షురాలి వైపు తిరిగింది. ఆవిడ వెనక చొక్కాల కుప్ప, పక్కనే ఇంకా సెగలు కక్కుతున్న ఇస్త్రీపెట్టె.

"మీ బావగారు ఊరెళ్లాలంటేనూ..." అని నసిగింది.

లారీ పక్కకి తిరిగి లోపలికొచ్చింది. ప్లగ్గు పీకి, పిడి పట్టుకుని ఇస్త్రీపెట్టెని తీసుకెళ్లి వీధిలో స్టూలు మీద నిలబెట్టింది.

"నువ్వు బయటే ఉండమ్మా. ఏమనుకోకు, అందరి సొత్తు కదా."

బాక్సు స్విచ్చు వేసి మిషను ముందు కూర్చుంది. పిండిమరా తిరిగింది, సూదీ పరుగెత్తింది. మొదటి చొక్కా చేతులు కుదిరేసరికి వెనక నుంచి మెత్తగా గొంతు వినిపించింది.

"లారీ... అదే, చెల్లీ... మీ బావగారి చొక్కాకి గుండీ ఊడింది, కాస్త కుట్టిపెడతావా?"

"లోడెక్కువైందక్కా," అంది లారీ, తలెత్తకుండా.